మొగిలిరేవు నిశ్శబ్ద వారోత్సవం

మొగిలిరేవులో కొర్లమ్మ గొంతుకు ఒక మర్యాద ఉంది. ఆవిడ వాకిట్లో నిలబడి కొడుకును కేకేస్తే, ఒడ్డుకు దూరంగా పడవల్లో ఉన్నవాళ్లు కూడా వల లాగడం ఆపి, "ఒరే పోలారావా, మీయమ్మ పిలస్తంది" అని చెప్పేవారు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పట్నం వెళ్లి, వీధి మొదట్లో ఒక కేక వేస్తే చాలు, వీధి చివరింటి పిల్లి గోడ దిగేది. అయితే ఊరు ఆ గొంతును మెచ్చుకున్నది చేపల కోసం కాదు. ఏడాదికి ఒకసారి దానితో పెద్ద పని ఉంది.

ఉగాదికి ముందురోజు, కొత్త అమావాస్య నాడు, దీపాలు పెట్టేవేళకు ఊరంతా ఒడ్డుకు చేరుతుంది. సముద్రంలో గల్లంతై శవం కూడా దొరకనివాళ్లను ఆ రోజు పేరు పెట్టి పిలుస్తారు. పిలిచేది ఒక్క మనిషే. పిలిచిన ప్రతి పేరుకూ ఆ ఇంటివాళ్లలో ఒకరు "వొస్తన్నా" అని బదులు పలకాలి. పలికితే పోయినవాడు దారి మరిచిపోలేదని నమ్మకం. ఏ ఏడన్నా పిలుపు తప్పినా, బదులు తప్పినా, ఆ పేరు మళ్లీ ఎత్తరు. సముద్రం వాణ్ణి ఉంచేసుకుందని అనుకుంటారు. పెద్ద తుఫాను ఏడు ముసలి గురమ్మ జ్వరంతో పట్నం ఆస్పత్రిలో ఉండిపోయింది. ఆమె కొడుకు పేరు పిలిస్తే పలికేవాళ్లు లేకపోయారు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ గురమ్మ ప్రతి అమావాస్యకూ ఒడ్డుకు వచ్చేది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

పిలవడానికి ఒక వరస ఉంది. ముందు చుట్టాలు, తర్వాత ఊరివాళ్లు, ఆఖరున పిలిచే మనిషి ఇంటివాడు.

చుట్టాలంటే విమానం వాళ్లు. పెద్ద యుద్ధం రోజుల్లో, కొర్లమ్మ అత్త పరికిణీ కట్టుకునే వయసులో, బాంబులు వేసి తిరిగొస్తున్న విమానం ఒకటి మండుకుంటూ వచ్చి ఊరికెదురుగా నీళ్లలో పడింది. పడవలు వేసుకుని వెళ్లినవాళ్లకు నీటిమీద నూనె, ఒక తోలు చేతితొడుగు తప్ప ఏమీ దొరకలేదు. లోపల ఏడుగురు ఉన్నారని తర్వాత వచ్చిన దొర ఒకడు చెప్పాడు. పేర్లు మాత్రం రహస్యం అన్నాడు. పేరు లేకుండా ఎలా పిలుస్తారు? అందుకని ఊళ్లో ఏడిళ్లవాళ్లు తలా ఒకణ్ణి తీసుకుని పేర్లు పెట్టుకున్నారు. అప్పన్న, ఎర్రయ్య, నూకయ్య, గంగులు, సన్నాసి, బంగారయ్య, పైడయ్య. పైడయ్య కొర్లమ్మ ఇంటివాడు. పెళ్లయి వచ్చిన కొత్తల్లో అత్త ఆవిడకు ఇంటి మనుషులను చూపిస్తూ, మీ మామ, మీ మరిది, మీ చినమామ పైడయ్య విమానం మీంచి పడిపోయాడు అనే చెప్పింది.

ఆఖరున పిలిచే పేరు కొర్లమ్మ మొగుడిది. పోలారావుకు మీసం రాకముందే ఒక తెల్లవారుజామున వేటకు వెళ్లిన మనిషి పడవతో సహా తిరిగి రాలేదు. ఆవిడ పెళ్లినాటి నుంచీ ఆయన పేరు నోట అనలేదు. ఆ ఊళ్లో ఆడవాళ్లెవరూ అనరు. రేషన్ కార్డు దగ్గర అడిగినా పక్కవాళ్లచేత చెప్పించేది. ఏడాది పొడవునా లోపల దాచుకున్న ఆ పేరును ఆ ఒక్క సాయంత్రం, ఒక్కసారి, సముద్రం అవతలికి వినపడేలా పిలిచేది.

ఇలా ఉండగా పైనున్న ప్రభుత్వానికి వీరుల మీద గౌరవం కలిగింది.

ఏదో దేశం వెళ్లివచ్చిన మంత్రిగారు, అక్కడ యుద్ధంలో పోయినవాళ్ల కోసం జనం నోరు మూసుకుని నిలబడటం చూసి చాలా ముచ్చటపడ్డారు. మన జనం నోరు మూసుకుని నిలబడితే ఎంత బాగుంటుందని ఆయనకు అనిపించింది. ప్రతి జిల్లాలోనూ వీరులను వెతికి నిశ్శబ్దం పాటించాలని ఉత్తర్వు వచ్చింది. పక్క జిల్లావాళ్లు ఒక సిపాయి కోసం గంటసేపు పాటించి పేపర్లో ఫోటో వేయించుకున్నారు. ఈ జిల్లావాళ్లకు అది తల కొట్టేసినట్టయింది. వెతగ్గా వెతగ్గా మొగిలిరేవు విమానం దొరికింది. ఏడుగురు ఒకేచోట దొరకడం జిల్లా అదృష్టమని సమావేశంలో ఒకాయన సంతోషించాడు. తలకు ఒక నిమిషం అంటే వీరుణ్ణి చులకన చేసినట్టవుతుందని, తలకు ఒక రోజు చొప్పున ఏడు రోజుల నిశ్శబ్దం తీర్మానించారు. కొత్త అమావాస్యతో ముగింపు.

నిశ్శబ్ద ప్రత్యేకాధికారిగా చిదానందంగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. ఆయన మాట్లాడుతుంటే ఆఫీసు కాగితం ఎవరో పైకి చదువుతున్నట్టుండేది. ఆయన వెంట ఒక కుర్ర ఇంజనీరు, శబ్దం కొలిచే యంత్రం మెడలో వేసుకుని వచ్చాడు.

మొదట మూడు రోజులు ఆటోకు మైకు కట్టి, నిశ్శబ్దం పాటించవలెనని ఊరు దద్దరిల్లేలా చెప్పారు. తర్వాత ఊరి కుర్రాళ్లలో కొందరిని ఏరి నిశ్శబ్ద మిత్రులుగా వేశారు. తెల్ల టోపీ, మెడలో ఈల ఇచ్చారు. ఎవరైనా మాట్లాడితే ఈల వేయాలి. ఈల వేస్తే నిశ్శబ్దం చెడుతుంది కదా అని ఇంజనీరు అడిగాడు. చిదానందంగారు ఆలోచించి ఈలల్లోని గింజలు తీయించి, కన్నాలకు మైనం పెట్టించారు. అప్పటినుంచి నిశ్శబ్ద మిత్రులు బుగ్గలు ఉబ్బించి మందలించేవారు.

ఆ మిత్రుల్లో పోలారావు ఒకడు. వారం బాగా జరిగితే మంచివాళ్లను పర్యాటక శాఖలోకి తీసుకుంటారని చెప్పారు. పడవ ఎక్కకుండా బతికే దారి దొరికిందని అతని భార్య అప్పుడే మురిసిపోయింది. మొగుణ్ణి సముద్రానికి ఇచ్చిన కొర్లమ్మకు కూడా ఆ మాట నచ్చింది. నచ్చాక, అమావాస్య సంగతి గుర్తొచ్చింది.

ఆవిడ ప్రత్యేకాధికారి దగ్గరకు వెళ్లింది. వారం ఇంకా మొదలు కాలేదు కాబట్టి మాట్లాడవచ్చు. పిలుపు సంగతంతా చెప్పింది. ఆయన ఓపికగా విని గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడినది. అయితే వీరులను గౌరవించు కార్యక్రమమునకు, వీరులను పిలుచుట వలన అంతరాయం కలుగునని మా అభిప్రాయం."

"ఆళ్లకోసమే గదా బాబూ ఇదంతా."

"ఆ కారణము చేతనే. మీరు మనసులో పిలువవచ్చును. అభ్యంతరం లేదు. సైగ ద్వారా పిలుచుటకు కూడా అనుమతి ఇవ్వగలము."

"సీకట్లో, నీటడుగునున్నోడికి సైగేటి కనపడతాది బాబూ?"

దానికి ఆయన దగ్గర నిబంధన లేదు. మాట మార్చి, పాత రికార్డుల్లోంచి తీయించి, ఒడ్డున నిలబెట్టే రాతిపలక మీద చెక్కించిన ఏడు విదేశీ పేర్లు చదివి వినిపించారు. మీరు పిలిచే పేర్లు అసలు పేర్లతో సరిపోవడం లేదు, ఇన్నేళ్లుగా తప్పుడు వ్యక్తులను పిలుస్తున్నారు అన్నారు. కొర్లమ్మ ఆ పేర్లు శ్రద్ధగా వింది.

"అయి ఆళ్లమ్మలు పెట్టినయి. ఇయి మేం పెట్టినయి. ఆళ్లెటూ మాయింట్లోనే ఉంటన్నారు గదా, రెండో పేరుంటే తప్పేటి?"

మీ ఆయన పేరేమిటని చిదానందంగారు అడిగారు. ఆవిడ తల దించుకుని, అమావాస్యనాడు విందురుగాని అంది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. తుడుస్తూ, వేరే ఎవరికోసమో అడిగినట్టు, ఈ పిలుపు సముద్రంలో పోయినవాళ్లకేనా, ఊరు విడిచి పోయినవాళ్లకు కూడానా అని అడిగారు. ఆవిడ సమాధానం చెప్పేలోపల, ఇది కేవలం సమాచారం నిమిత్తం అని లేచారు.

వారం మొదలైంది. ఊరి కోళ్లన్నిటినీ వ్యానెక్కించి పక్క మండలానికి విడిదికి పంపారు. కుక్కలకు మూడు పూటలా మాంసం పెట్టి నిద్రపుచ్చారు. దగ్గేవాళ్లకు వైద్య శిబిరం పెట్టారు. ఒడ్డున చేపల వేలం సైగలతో జరిగింది. పట్నం నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు ఈగ ముసిరితే రెండుసార్లు ముక్కు గోక్కుని, రెండు పడవల కవళ్ల చేపలు కొనుక్కున్నవాడయ్యాడు. కాదని చెప్పబోతే నిశ్శబ్ద మిత్రులు నలుగురు అతని చుట్టూ చేరి బుగ్గలు ఉబ్బించారు. మూడో రోజు పడమటి వీధిలో ఒక పిల్ల పుట్టి, కేరుమంది. విషయం ప్రత్యేకాధికారి వరకు వెళ్లింది. సదరు శిశువుకు ముందస్తు నోటీసు అందలేదు కాబట్టి ఈ ఏడుపును మన్నించవచ్చని, నోటీసు అందించిన పిదప ఏడ్చినచో చర్య తీసుకోవాలని ఆయన తేల్చారు. నోటీసు తెచ్చిన బంట్రోతును బాలింత తల్లి చేటతో తరిమింది. చప్పుడు చేయకుండానే తరిమింది.

ఊళ్లో ఇంత చేసినా యంత్రం ముల్లు దిగలేదు. ఇంజనీరు ఒడ్డంతా తిరిగి వచ్చి, సముద్రం చేస్తున్నది సార్ అన్నాడు.

"రాత్రులందు కూడానా?"

"రాత్రి ఇంకా ఎక్కువ సార్."

సముద్రానికి నోటీసు తయారైంది. ఇందుమూలముగా సముద్రమునకు తెలియజేయునది ఏమనగా, అది అనుమతి లేకుండా శబ్దం చేయుచున్నందున, ఇరవై నాలుగు గంటలలోగా సంజాయిషీ ఇవ్వవలెను. బంట్రోతు దాన్ని అలలోకి విసిరాడు. అల దాన్ని తెచ్చి అతని కాళ్ల దగ్గరే పెట్టింది. తీసుకొనుటకు నిరాకరించినదని అతను రాసుకొచ్చాడు. ఓడరేవు వారిని అడిగితే మాది ఓడల వరకే అన్నారు. మత్స్యశాఖ వారు మాది చేపల వరకే, చేపలు మౌనంగానే ఉన్నాయి అన్నారు. చివరికి న్యాయసలహా అడిగారు. జిల్లా అధికారం అల తడిపిన గీత వరకే, దాని అవతల జరిగే శబ్దానికి మనం బాధ్యులం కాము, చర్య తీసుకునే హక్కు కూడా లేదు అని సలహా వచ్చింది.

ఆ రాత్రి అన్నం దగ్గర పోలారావు ఈ సంగతి తల్లికి సైగలతో చెప్పాడు. వేలితో నేలమీద గీత గీశాడు. ఇవతల చెయ్యి పెట్టి, నోరు మూసుకున్నాడు. అవతల చెయ్యి పెట్టి, వేళ్లు విప్పి, ఎవడి ఇష్టం వాడిదన్నట్టు ఊపాడు. భార్య పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. కొర్లమ్మ నవ్వలేదు. ఆ గీతకేసి చాలాసేపు చూసి, అన్నం ముద్ద కలుపుకుంది.

పోలారావుకు నవ్వు ఆగిపోయింది. తల్లిని అతను ఎరుగును. ఈ ఒక్క ఏడు వదిలెయ్యమని చేతులు జోడించాడు. ఉద్యోగం అన్నట్టు టోపీ చూపించాడు. ఉయ్యాలలోని పిల్లను చూపించాడు. కొర్లమ్మ ఎడంచేత్తో గోడవేపు చూపించింది. అక్కడ అతని తండ్రి తెడ్డు వేలాడుతోంది. పిలవడం ఆవిడ వంతు. పలకవలసింది మాత్రం అతనే. కడుపున పుట్టినవాడు ఉండగా ఇంకొకరు పలకకూడదు. అతను పలక్కపోతే, గురమ్మ కొడుకు పేరు పోయినట్టే తండ్రి పేరు కూడా పోతుంది.

సముద్రం మాట వినదని తేలాక, దాని చప్పుడు మీద నిశ్శబ్దాన్ని కప్పాలని చిదానందంగారు నిర్ణయించారు. పట్నంలో స్టూడియో తీసుకుని, వీరుడికి ఒకరు చొప్పున ఏడుగురు గాయకులను కూర్చోబెట్టి, ఏమీ పాడించకుండా రికార్డు చేయించారు. హార్మోనియం ఆయన కూడా ఏమీ వాయించకుండా సహకరించాడు. ఆ నిశ్శబ్దాన్ని ఒడ్డున వినిపించడానికి తాటిచెట్టంత స్తంభాలకు మైకు గొట్టాలు కట్టారు. అన్ని గొట్టాలకు ఊరి కరెంటు చాలదు. లారీ మీద పెద్ద డీజిలు జనరేటరు వచ్చింది.

అమావాస్య సాయంత్రం మంత్రిగారు వచ్చారు. రాతిపలకకు దండ వేసి కుర్చీలో కూర్చున్నారు. జనరేటరు తిప్పారు. ఇసక అదిరింది. పందిరి గుంజలు వణికాయి. పూలదండలోంచి రేకులు రాలాయి. ఆ హోరులో గొట్టాలన్నీ నిశ్శబ్దాన్ని వినిపించసాగాయి. మంత్రిగారు కళ్లు మూసుకుని కాసేపు విన్నారు. తర్వాత కళ్లు తెరిచి, సరిగ్గా వినపడటం లేదు, పెంచమని చెయ్యి ఊపారు. జనరేటరు ఇంకా గట్టిగా అరిచింది.

దీపాలవేళ అయింది. పందిరి పక్కన గుంపులోంచి కొర్లమ్మ లేచింది. చీర మోకాళ్లదాకా దోపుకుని, రాతిపలకను దాటి, కుర్చీలను దాటి, తడి గీత మీద వరసగా నిలబడ్డ నిశ్శబ్ద మిత్రులను దాటి, కొడుకు ముఖం కేసి చూడకుండా నీళ్లలోకి నడిచింది. నడుము లోతున ఆగి, అరచేతులు నోటికి అడ్డంపెట్టి పిలిచింది.

ఒడ్డున ఎవరికీ వినపడలేదు. అప్పన్న ఇంటి ముసలాయన ఆవిడ నోరు కదలడం చూశాడు. కాని చెవిన పడని పిలుపుకు బదులు పలకకూడదు. ఆయన గుడ్ల నీరు కుక్కుకుని నిలబడిపోయాడు. కొర్లమ్మ మళ్లీ పిలిచింది. మెడ నరాలు ఉబ్బాయి. పిల్లులను గోడలు దింపిన ఆ గొంతు జనరేటరు ముందు ఆనలేదు. పొద్దు వాలిపోతోంది.

చిదానందంగారు గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ గీతకు అవతల ఉన్నదని ఇంజనీరు గుర్తుచేశాడు. శబ్దం గీత దాటి ఇవతలికి వచ్చినచో కేసు మన పరిధిలోనిదే, ఎంత వచ్చుచున్నదో కొలవమన్నారు ఆయన. ఇంజనీరు యంత్రం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడ శబ్దం తెలియాలంటే మన శబ్దం ఆపాలి సార్."

"మనది నిశ్శబ్దం."

"అవును సార్. ఆ నిశ్శబ్దాన్నే ఆపాలి."

నిబంధన ప్రకారం కొలవకుండా కేసు నిలవదు. చిదానందంగారు చెయ్యి ఎత్తారు. జనరేటరు ఆగిపోయింది.

ఆ వారంలో మొదటిసారిగా మొగిలిరేవు నిశ్శబ్దమైంది. అల వచ్చి వెళ్లే చప్పుడు, దీపం ఒత్తి చిటపట. అందులో కొర్లమ్మ గొంతు లేచింది.

"ఓ అప్పన్నా..."

ముసలాయన కర్ర పట్టుకుని గీత దాటి, చీలమండల లోతుకు దిగి, "వొస్తన్నా" అన్నాడు. ఎర్రయ్య ఇంటివాళ్లు దిగారు. నూకయ్య ఇంటివాళ్లు, గంగులు ఇంటివాళ్లు దిగారు. బందోబస్తుకు వచ్చిన ఎస్సైగారు ఆపబోయి, బూట్లు తడుస్తాయని గీత దగ్గర ఆగారు. పైడయ్యకు కొర్లమ్మ కోడలు చంటిపిల్లను ఎత్తుకుని దిగి పలికింది. నోటీసు వచ్చిన పడమటివీధి శిశువు కూడా తల్లి చంకన గీత దాటి, నిర్భయంగా ఏడ్చింది. ఊరివాళ్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్కొక్కరే దిగారు. పిలుపు ఆఖరికొచ్చేసరికి ఊరంతా నీళ్లలో ఉంది. ఒడ్డున ప్రభుత్వం ఒక్కటే మిగిలింది.

ఇక ఒకే పేరు ఉంది. కొర్లమ్మ ఊపిరి తీసుకుంది.

"ఓ తవిటయ్యా..."

పోలారావు గీత మీదే నిలబడి ఉన్నాడు. అల వచ్చి వేళ్లు తడిపి పోయింది. మళ్లీ వచ్చింది. కొర్లమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగి చూస్తే బతిమాలినట్టవుతుంది. అతను మెడలోని ఈల తీశాడు. టోపీ తీశాడు. ప్రభుత్వ సొత్తు కాబట్టి రెండూ తడవకుండా పొడి ఇసకలో జాగ్రత్తగా పెట్టాడు. అప్పుడు తల్లి పక్కకు నడిచి వెళ్లాడు.

"వొస్తన్నానే అమ్మా, వొస్తన్నా."

కార్యక్రమం చాలా బాగుందని మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఇంజనీరు యంత్రం చూసుకున్నాడు. గాలి సముద్రం వైపు తిరిగి ఉండటం వల్ల అవతలి కేకలు ముల్లును అనుమతించిన గుర్తు దాటించలేదట. చప్పట్లు దాటించాయి. వారం మొత్తం మీద పరిధి లోపల నమోదైన నేరం అదొక్కటే. దానిమీద ఏ చర్య తీసుకోవాలో ఎవరూ అడగలేదు. పోలారావు టోపీ లారీలో వెళ్లిపోయింది.

జనం ఇళ్లకు మళ్లాక, కొర్లమ్మ చీర చెంగు పిండుకుంటుంటే చిదానందంగారు వచ్చి కాస్త దూరంలో నిలబడ్డారు. ఆయన ఇస్త్రీ ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. ఎప్పుడు గీత దాటారో ఎవరూ చూడలేదు.

"సమాచారం నిమిత్తం అడుగుచున్నాను," అన్నారు. "మా తమ్ముడు. నేను ఒక మాట అన్నానని రైలెక్కి పోయాడు. వాడు సముద్రంలో పోలేదు."

"ఇమానం ఎక్కినోళ్లని పిలవట్లేదేటి బాబూ? రైలెక్కినోడేం పాపం సేసేడు. వచ్చే ఏడు మీరొచ్చి పలకండి. పేరేటి?"

ఆయన అటూ ఇటూ చూశారు. నిశ్శబ్ద వారానికి ఇంకా కొన్ని గంటల గడువు ఉంది. పెదవులు కదిలీ కదలనట్టు ఒక పేరు చెప్పారు.

కొర్లమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్టిగా సెప్పు బాబూ. ఆడికి ఇనపడాల గదా."